తప్పిపోయిన సీ వాటర్ పంపుకు బహిరంగ లేఖ

చిరంజీవి సీ వాటర్ పంపును బోటు ఓనరు దీవించి రాయునది.

నాయనా, ఎక్కడున్నా వెంటనే బయల్దేరి రా. అమ్మ మంచం పట్టింది. అమ్మంటే మా ఆరు సిలిండర్ల డీజిల్ ఇంజను. మంచమంటే విశాఖ ఫిషింగ్ హార్బరులో జెట్టీకి కట్టేసిన మా బోటు. నిన్నెవరూ ఏమీ అనరు. చార్జీలు మేమే పెట్టుకుంటాం.

నిన్ను నేను చూసింది లేదు. పోయిన నీ అన్నని, అంటే మా పాత పంపుని బట్టి ఆనవాళ్ళు చెబుతున్నాను. ఇత్తడి రంగు, ఒళ్ళంతా పచ్చని చిలుము, మెడ దగ్గర ఎం-సీల్ పెట్టిన మచ్చ. పొట్ట మీద రేకుబిళ్ళ. దాని మీద పార్టు నంబరు ఉంది గాని చివరి రెండంకెలు ఉప్పు తినేసింది. ఆ రెండంకెలు తెలీకనే కదా ఈ తిరుగుడంతా.

నీ అన్న పని చిన్నదేం కాదు. సముద్రపు నీళ్ళు లాగి హీట్ ఎక్స్‌ఛేంజర్లోకి తోసేవాడు. అక్కడ గొట్టాల లోపల ఉప్పునీళ్ళు, గొట్టాల బయట ఇంజనులో కాగి వచ్చిన మంచినీళ్ళు. ఒకే ఇంట్లో మాటల్లేని అత్తాకోడళ్ళలా, ఒకదాన్నొకటి ముట్టుకోకుండానే వేడి దించుకునేవి. ఓ రోజు సంచి ముక్క ఏదో వచ్చి నీళ్ళు లాగే గొట్టానికి అడ్డం పడింది. వాడి కడుపులో ఉండేది రబ్బరు ఇంపెల్లరు, నీళ్ళు తోసే రెక్కల చక్రం. నీళ్ళు లేకుండా నిమిషం తిరిగిందంటే దాని పని అయిపోయినట్టే. మేస్త్రి గొట్టాల్లో ఇనపతీగ పెట్టి ముక్కలు లాగి, పేపరు మీద పేర్చి లెక్కపెట్టాడు. రెక్కలు ఆరు. దొరికినవి నాలుగున్నర.

"మిగతా ఒకటిన్నర లోపలే ఉన్నాయి బాబూ. ఆటి టైమొచ్చినప్పుడు అవే వస్తాయి" అన్నాడు, చుట్టాల గురించి చెప్పినట్టు.

నిన్ను వెతకడం మొదలుపెట్టాక అర్థమైంది, మీ అమ్మ అసలు లారీ ఇంటి ఆడపడుచు. బ్లాకు, పిస్టన్లు, లైనర్లు, హెడ్ గ్యాస్కెట్టు, అన్నీ లారీవే. కావాలంటే గాజువాక ఆటోనగర్లో సాయంత్రానికల్లా చేతిలో పెడతారు. సముద్రానికి కాపురానికి పంపేటప్పుడు పెట్టిన సారె మాత్రం ఎవరి దగ్గరా లేదు: నువ్వు, హీట్ ఎక్స్‌ఛేంజరు, నీళ్ళు తిరిగే ఎగ్జాస్ట్ మానిఫోల్డు. పైగా పుట్టింటివాళ్ళు కూడా మారిపోయారు. 2017లో బీఎస్-4, 2020లో బీఎస్-6 అని కొత్త పొగ నిబంధనలు వచ్చాయి. ఇప్పటి లారీ రిపేరుకి లాప్‌టాప్ పట్టుకొస్తున్నారు. మా మేస్త్రి మాత్రం ఇప్పటికీ స్క్రూడ్రైవరు మొన ఇంజనుకి, పిడి చెవికి ఆనించి వింటాడు.

ఫోన్లో ఒక కొట్టాయన "చాసిస్ నంబరు చెప్పండి సార్" అన్నాడు.

"చాసిస్ ఉండదండీ, బోటు."

"బొలేరోనా?"

"బోటండీ. నీళ్ళలో తిరిగేది."

కాసేపు మాట లేదు. "మేము రోడ్డు మీద తిరిగేవాటికే ఇస్తాం సార్" అని పెట్టేశాడు. పాపం, ఆయన తప్పేముంది.

బెజవాడ ఆటోనగర్ వెళ్ళాను. పాత బండ్ల పార్టులమ్మే కోల్‌కతా మల్లిక్ బజార్‌కి, పాత ఓడలు విప్పే గుజరాత్ అలంగ్‌కి తెలిసినవాళ్ళ చేత కబురంపాను. అలంగ్ నుంచి ఒక ఫొటో వచ్చింది. మా బోటు కేబిన్ అంత ఉంది ఆ పంపు. దానికి ఇంజను కావాలి తప్ప, ఇంజనుకి అది కాదు.

ఆ మధ్య ఒకాయన "అచ్చం అలాంటిదే" అని నీ వేషం వేసుకున్న వాణ్ణి అంటగట్టాడు. బంగారు రంగు, కొత్త మెరుపు. మూడో వేటకే ఆ రంగు ఊడింది. లోపల అల్యూమినియం. గోకితే సుద్దలా రాలింది. పెళ్ళిచూపుల్లో జుట్టు చూసి మురిసిపోతే, కాపురానికొచ్చాక విగ్గు తీసి మేకుకి తగిలించినట్టయింది.

లోపలి షాఫ్టుదీ, బేరింగుదీ ఇంకో కథ. నీ అన్న అంగుళాల కాలంలో పుట్టినవాడు. వాడి షాఫ్టు ముప్పావు అంగుళం, అంటే 19.05 మిల్లీమీటర్లు. నేను తిరిగిన కొట్లలో చేతికొచ్చిన బేరింగు 20. పసివాడి కాలికి నాన్న చెప్పులు తొడిగితే ఎలా నడుస్తాడో అలా నడిచింది.

"కొత్త ఇంజను వేసెయ్యరాదా" అని మా బావమరిది సలహా. కొత్త ఇంజనైతే కింద పునాది దుంగలు మార్చాలి. అవి మారితే గేరుబాక్సు, అది మారితే ప్రొపెల్లర్ షాఫ్టు, చివరికి పంకా. కౌపీనాన్ని ఎలుక కొరికిందని పిల్లిని తెచ్చి, పిల్లి పాలకి ఆవును కొన్న సన్యాసి నాకన్నా నయం. ఆయనకి బ్యాంకు లోను లేదు.

ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టుకోడానికని చెబుతారు గాని, ఓనర్లు పార్టుల కోసం తిరగడానికే పెట్టారని నా అనుమానం. ఈసారి ఆ 61 రోజులూ నీకే ఖర్చు పెట్టాను. చేపలు వాటి పని అవి కానిచ్చేసి ఉంటాయి.

చివరికి లేత్ మేస్త్రి స్టీలు కడ్డీ తరిగి, పాత షాఫ్టు కొలతకి కొత్తది తీశాడు. బేరింగు కోసం ఇత్తడి బుష్ చేసి కొట్టాడు. నీ అన్న బొందెలోనే దాన్ని దింపాం. ఇంపెల్లరు వేరే పంపుది, రెక్కలు బ్లేడుతో చెక్కి కూర్చోబెట్టాం. నిన్న సాయంత్రం స్టార్టు చేస్తే తిరిగింది. కలాసీ కుర్రాడొకడు బయటికి నీళ్ళు పడే గొట్టం కింద చెయ్యి పెట్టి కూర్చున్నాడు. నీళ్ళు వస్తున్నంతసేపూ మావైపు చూసి తల ఊపుతుంటాడు. ఊపడం ఆపితే ఇంజను ఆపెయ్యాలి. ఎల్లుండి తెల్లవారుజామున వేటకి పోతున్నాం, వాడూ వస్తున్నాడు.

ఇట్లు,
నీ కోసం ఎదురుచూస్తున్న బోటు ఓనరు

తా.క.: వచ్చేటప్పుడు నీ గ్యాస్కెట్టు నువ్వే తెచ్చుకో. అది కూడా రావట్లేదట.