ఏటా పేరు మారే కప్పుకి బ్రాండు ఎక్కడిది?

2022 సెప్టెంబరులో పుణెలో అల్టిమేట్ ఖోఖో లీగ్ తొలి ఫైనల్ జరిగింది. ఒడిశా జగ్గర్నాట్స్ 46-45తో తెలుగు యోధాస్‌ని ఓడించింది. ఒక్క పాయింటు తేడా. ఒడిశాలోని బరంపురంలోనో పర్లాకిమిడిలోనో టీవీ ముందు కూర్చున్న తెలుగువాడు ఆ రాత్రి ఎవరి పక్షం వహించాలి? ఒక జట్టుకి తానుంటున్న నేల పేరు, రెండోదానికి తన ఇంటి భాష పేరు. ఎవరికి చప్పట్లు కొట్టారన్నది వాళ్ల ఇష్టం. పేర్ల పోటీలో మాత్రం ఒడిశా జట్టు ఆట మొదలుకాకముందే గెలిచింది.

‘జగ్గర్నాట్’ అన్న ఇంగ్లిషు మాట పుట్టిందే పూరీ జగన్నాథుడి నుంచి. ఇంకో రాష్ట్రం ఆ పేరు పెట్టుకుంటే నవ్వులపాలే. మరి యోధాస్? ప్రొ కబడ్డీలో యూపీ వాళ్లూ యోధాలే. తెలుగు టైటాన్స్ ఉన్నారు కదా అంటే, ఐపీఎల్లో గుజరాత్ వాళ్లూ టైటాన్సే. గ్రీకు పురాణాల్లోంచి ఎరువు తెచ్చుకున్న పేరు ఎవరి చేతికైనా అందుతుంది. బ్రాండింగులో ఓనమాలు ఇవే: ఇంకొకడు పెట్టుకోలేని పేరే పేరు. రంగు, గుర్తు, బొమ్మ ఆ తర్వాతి సంగతి.

ఇప్పుడు గంజాం, గజపతి, రాయగడ జిల్లాల్లో పండగ సెలవులకి జరిగే టోర్నీల ఫ్లెక్సీలు చూడండి. ముందు ఊరి పేరు, వెనక ‘ప్రీమియర్ లీగ్’. నిరుడు నగల కొట్టు కప్పు, ఈ ఏడు సిమెంటు డీలరు కప్పు, వచ్చే ఏడు ఎవరు ఎక్కువిస్తే వారి కప్పు. మధ్యలో సినిమా హీరో బొమ్మ, చుట్టూ పాస్‌పోర్టు సైజులో పాతిక మంది కమిటీ సభ్యులు. పదేళ్లుగా ఆడిస్తున్నామని గొప్పగా చెప్పుకుంటారు గానీ, ఆ పదేళ్ల పేరు ఏ ఖాతాలోనూ జమ కాలేదు.

పేరు చేతిలో లేకపోతే ఏమవుతుందో ఐపీఎల్లోనే చూశాం. దక్కన్ చార్జర్స్ 2009లో కప్పు కొట్టింది, ఆ తర్వాత కటక్ బారాబటిలో కూడా సొంత మ్యాచ్‌లు ఆడింది. 2012లో యజమాని చేతులెత్తేయగానే పేరూ రంగూ గుర్తూ అన్నీ ఒకేసారి పోయాయి. 2013లో వచ్చిన సన్‌రైజర్స్ కొత్తగా మొదలెట్టాల్సి వచ్చింది. అదే చెన్నై జట్టుని చూడండి, 2016, 2017 రెండు సీజన్లు నిషేధంలో ఉంది. 2018లో అదే పేరు, అదే పసుపు రంగుతో తిరిగొచ్చి కప్పు పట్టుకెళ్లింది. జనం ఎదురుచూడటానికి వాళ్లకో పేరు మిగిలింది మరి.

నిర్వాహకుల వాదన నాకు తెలియనిది కాదు. కబడ్డీ మ్యాట్, ఫ్లడ్‌లైట్లు, అంపైర్ల భత్యం, భోజనాలు, ప్రైజ్‌మనీ ఇవన్నీ ఆకాశం నుంచి ఊడిపడవు. డబ్బిచ్చేవాడు తన పేరు అడుగుతాడు. నిజమే, ఇవ్వండి. కప్పు పేరు మాత్రం ఇవ్వకండి. ‘ఫలానా వారి సమర్పణ’ అన్న మాట మన సినిమావాళ్లు ఎప్పట్నుంచో అమ్ముకుంటున్నారు. నిర్మాత మారితే సినిమా పేరు మారుతుందా?

అమ్మడానికి మీ దగ్గర ఏముందో ముందు కాగితం మీద రాసుకోండి. జెర్సీ ఛాతీ, వీపు, భుజాలు, బౌండరీ బోర్డులు, స్కోరుబోర్డు, బహుమతి వేదిక వెనక తెర, మైకులో ప్రకటన, యూట్యూబ్ లైవ్. ఛాతీ మీద ఒక్కటే గుర్తు ఉండాలి. నాలుగు కొట్ల పేర్లు ఇరికిస్తే నాలుగూ కనబడవు, నాలుగు చోట్లా డబ్బు వసూలు చేయడానికి ఇబ్బంది. వ్యాపారానికి ఒక్కరే: ఒక సిమెంటు, ఒక నగల కొట్టు, ఒక ఆసుపత్రి. ఒప్పందం మూడేళ్లకి రాసుకుని, నాలుగో ఏడు మొదట అడిగే హక్కు పాతవాళ్లకే ఇవ్వండి. స్పాన్సర్‌కి ఇంకో మాట చెప్పాలి. హక్కులకి రూపాయి పెడితే, ఆ హక్కుల్ని జనంలోకి తీసుకెళ్లడానికి కనీసం ఇంకో రూపాయి పెట్టాలన్నది ఈ రంగంలో పాత లెక్క. 1996 క్రికెట్ ప్రపంచకప్‌కి అధికారిక పానీయం కోకాకోలా. జనానికి గుర్తున్నది మాత్రం ‘అధికారికం ఏమీ లేదు’ అంటూ, హక్కులు కొనకుండానే వెక్కిరించిన పెప్సీ ప్రకటన. అందుకే మైదానం బయట మున్సిపాలిటీ రోడ్డు మీద ‘మీ బోర్డే ఉంటుంది’ అని నిర్వాహకుడు మాటివ్వకూడదు. ఆ రోడ్డు అతని చేతిలో లేదు.

సరే, పేరు ఎక్కణ్నుంచి తేవాలి? కళ్లముందే ఉంది. బరంపురం పట్టుచీర అంచులో గుడి శిఖరాల్లా వరసగా లేచే ఫోడా కుంభ నమూనా ఉంది. ఆ పట్టుకి 2012లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. జట్టుకి ‘కుంభ’ అని పేరు పెట్టి, జెర్సీ చేతుల అంచున ఆ శిఖరాల వరస వేస్తే ఇంకో ఊరికి కాపీ కొట్టడం కుదరదు. (పాలిస్టర్ జెర్సీని ‘బరంపురం పట్టు’ అని మాత్రం అమ్మకండి, ఆ పేరు నేతగాళ్లది.) పర్లాకిమిడి కొమ్ము పని పనితనం అందరికీ తెలుసు, కప్పు అక్కడ చేయించండి. ఇత్తడి పూత ప్లాస్టిక్ కప్పుకన్నా నూరు రెట్లు నయం. సవర గిరిజనుల ఇడితల్ గోడ బొమ్మల జోలికి మాత్రం అడగకుండా వెళ్లొద్దు, అవి వాళ్ల పూజ గోడలవి.

పేరు రెండు భాషల్లోనూ నిలవాలి. మన ‘కుంభ’ ఒడియావాళ్ల నోట ‘కుంభొ’ అవుతుంది, ఫర్వాలేదు, పేరు చెడదు. ‘ఋషికుల్య’ ఇంకా అందమైన పేరు, కానీ బోర్డు ఎక్కితే చిక్కు. ‘ల్య’ కింద ఒత్తుంది. మూడడుగుల బౌండరీ బోర్డులో కింద ఒత్తుకీ పైన గుడులకీ చోటు వదిలితే అసలు అక్షరానికి అడుగున్నర మిగులుతుంది. పదడుగుల దూరానికి అంగుళం ఎత్తు అక్షరమన్నది బోర్డులవాళ్ల లెక్క. పద్దెనిమిది అంగుళాల అక్షరం నూట ఎనభై అడుగుల దాకా సుఖంగా చదవొచ్చు, క్రికెట్ మైదానంలో అవతలి గట్టు అంతకు రెట్టింపు దూరం. ఒత్తుల్లేని పొట్టి పేరుకి అక్షరం పెద్దదవుతుంది. ఒకే బోర్డులో రెండు వరసలు ఇరికించే పని పెట్టుకోవద్దు.

ప్రెస్సులో జరిగే ఘోరం ఇంకొకటి. యూనికోడ్‌లో టైపు చేసి వాట్సాప్‌లో పంపిన తెలుగుని డిజైన్ ప్రోగ్రాం అయిన పాత కోరల్‌డ్రాలో అతికిస్తే ఒత్తులు విడిపోతాయి, ‘ల్య’ కాస్తా ‘ల్‌య’ అయి కూర్చుంటుంది. తెలుగు చదవని డిజైనర్‌కి అది తప్పని తెలియదు, పదివేల రూపాయల ఫ్లెక్సీ అచ్చయ్యాక మనకి తెలుస్తుంది. పేరుని తెలుగు వచ్చినవాడి చేత ఒక్కసారి చేయించి, అక్షరాల్ని కర్వ్స్‌గా (అంటే ఫాంటు అక్కర్లేని గీతల బొమ్మగా) మార్చి, ఆ ఫైలే అందరికీ పంపాలి. దాంతోపాటే అచ్చు సిరాలు ఏది ఎంత శాతమో చెప్పే రంగు అంకెలు కూడా. తెరమీద మెరిసే నీలం ఫ్లెక్సీ మీద ఊదాగా తేలడానికి కారణం మెజెంటా (ముదురు గులాబీ సిరా) ఎక్కువవడం, అది సయాన్ (లేత నీలం సిరా) కన్నా కనీసం ముప్ఫై శాతం తక్కువుండాలి. జెర్సీ జాలీ గుడ్డయితే సన్న గీతలు రంధ్రాల్లో మాయమవుతాయి, లావు అక్షరమే వాడాలి.

పేరు కుదిరాక ట్రేడ్‌మార్క్‌గా రిజిస్టర్ చేయించండి. ఆటలూ వినోదానికి 41వ తరగతి, దుస్తులకి 25. ఆన్‌లైన్లో వ్యక్తి పేరున తరగతికి 4,500 రూపాయలు, మామూలు సంఘం పేరున 9,000. రిజిస్ట్రేషన్ పదేళ్లు నడుస్తుంది, తర్వాత పొడిగించుకోవచ్చు. ఆ సగం డబ్బు మిగుల్చుకుందామని కార్యదర్శి సొంత పేరున వేస్తారు చూడండి, కమిటీ చీలిన రోజున కప్పు పేరు ఆయనతో పాటే వెళ్లిపోతుంది. ఊరి పేరుకి ‘ప్రీమియర్ లీగ్’ తగిలిస్తే మొదటి అభ్యంతరం ట్రేడ్‌మార్క్ ఆఫీసు నుంచే వస్తుంది. ఊరు ఎవరి సొత్తూ కాదు, లీగ్ అన్న మాటా కాదు.

ఇదంతా కప్పు కోసమే చెబుతున్నానని అనుకుంటే పొరపాటు. నా అసలు గొడవ అక్షరం గురించి. టీవీ ప్రేక్షకుల్ని లెక్కించే బార్క్ రేటింగుల్లో ఏపీ-తెలంగాణ ఒక మార్కెట్టు, ఒడిశా ఇంకొకటి. బరంపురంలో రోజంతా తెలుగు చానెల్ చూసే ఇల్లు ఒడిశా లెక్కలోకి పోతుంది. సినిమా ట్రేడ్‌వాళ్ల పట్టికలో మన టికెట్లు ‘రెస్టాఫ్ ఇండియా’ అన్న గుంపులో కలుస్తాయి. తెలుగు ప్రకటనల బడ్జెట్టు ఇచ్ఛాపురం దగ్గర ఆగిపోతుంది, ఒడియా బడ్జెట్టుకి మన భాష పట్టదు. లెక్కలో లేని జనానికి ఎవడూ బోర్డు రాయడు. 2018 నుంచి భారత హాకీ జెర్సీ ఛాతీ మీద తన పేరు రాయించుకుని ఒడిశా దేశానికంతా గుర్తుండిపోయింది. ఆ ఏడాది, మళ్లీ 2023లో, హాకీ ప్రపంచకప్ మస్కట్ ‘ఓలీ’ ఆలివ్ రిడ్లీ తాబేలు. ఆ తాబేళ్లు గుడ్లు పెట్టే ఋషికుల్య ముఖద్వారం మన గంజాంలోనే ఉంది. మన తీరం బొమ్మయింది, మన అక్షరం మాత్రం పెళ్లి శుభలేఖ దగ్గరా సినిమా పోస్టరు దగ్గరా ఆగింది.

కాబట్టి జెర్సీ మీద పేరు రెండు లిపుల్లో వేయండి. ఏది పైన అన్న తగవు కమిటీలో తప్పకుండా వస్తుంది. ఒడియా పైన, తెలుగు కింద వేయండి, పేచీ లేదు. బౌండరీ దగ్గర ఒక బోర్డు ఒడియాలో, పక్క బోర్డు తెలుగులో. అక్షరం ఎత్తు రెండింటికీ ఒకటే. అచ్చుకి పంపేముందు టేపు పెట్టి కొలవండి.