నంబరు ఎక్కడి నుంచి తేవాలి?

ఏటూరునాగారం దగ్గర గోదావరిలో తిరిగే మా పడవ నాన్న కాలం నాటిది. తర్వాత ఇంజను బిగించాం. రిజిస్ట్రేషన్‌కు వెళితే మొదటి ప్రశ్న: "పడవ మీద తయారీ నంబరు ఏది?" ఎక్కడి నుంచి తేవాలి? కట్టింది ఊరి వడ్రంగి, కంపెనీ కాదు!

పోనీ, కొన్న రసీదు చూపించాలట. ధాన్యం కొలిచి ఇచ్చిన రోజుల్లో రసీదు ఎవరు రాశారు? సర్పంచ్ లేఖ తెస్తే నోటరీ అఫిడవిట్ అంటారు. అదీ తెస్తే సార్ సెలవు!

దొంగ పడవలను పట్టడానికి నంబరు కావాలి, కాదనను. కానీ అది 1972 నుంచి తప్పనిసరి చేసిన అమెరికాలో కూడా సొంతంగా కట్టుకున్న పడవకు రాష్ట్రమే నంబరు కేటాయిస్తుంది. మన దగ్గర నదుల్లో తిరిగే పడవలకున్న 1917 నాటి చట్టాన్ని తీసేసి, 2021లో కొత్తది తెచ్చారు. ఇంజను పడవను సర్వే చేసి, రిజిస్టర్ చేసి, గుర్తింపు నంబరు ఇవ్వాల్సింది ప్రభుత్వమే. మీరు ఇవ్వాల్సిన నంబరు లేదని నన్నే వెనక్కి పంపితే ఎలా?

ఒడ్డుకు రండి. పొడవు, వెడల్పు, లోతు కొలవండి. ఇంజను నంబరు రాసుకోండి, ఫోటోలు తీసుకోండి, చుట్టుపక్కల జాలర్లను అడగండి. లోపం ఉంటే రాతపూర్వకంగా చెప్పండి, బాగు చేయిస్తాను. అంతేగాని "రేపు రా" అనకండి!