సెయింట్ మార్టిన్ చర్చి గురించి ఇంకొంచెం

లండన్ ట్రఫాల్గర్ స్క్వేర్‌లోని సెయింట్ మార్టిన్ ఇన్ ద ఫీల్డ్స్ చర్చి గురించి మీరు రాసిన వ్యాసం చదివాను, బాగా రాశారండీ. కానీ అందులో చర్చి కట్టడం, అక్కడ జరిగే సంగీత కచేరీల దగ్గరే ఆగిపోయారు. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో అక్కడి పాస్టర్ డిక్ షెపర్డ్ గారు సైనికుల కోసం రాత్రిళ్ళు కూడా తలుపులు తీసే ఉంచారు. ఇల్లు లేనివాళ్ళకు ఆసరా ఇవ్వడం అప్పటి నుంచీ వస్తున్నదే. 1924లో బీబీసీ రేడియోలో చర్చి నుంచి తొలిసారి ప్రసారమైన ఆరాధన కూడా ఇక్కడిదే. ఇంగ్లిష్‌తో పాటు కాంటనీస్, మాండరిన్ భాషల్లోనూ ఆరాధన ఉంటుంది.

నన్ను అన్నిటికంటే కదిలించేది నవంబరులో జరిగే స్మారక ఆరాధన. లండన్‌లో ఇల్లూ వాకిలీ లేకుండా చనిపోయినవాళ్ళ పేర్లు ఒక్కొక్కటే పైకి చదువుతారు. అంతమంది మధ్య ఆ పేరు వినపడటం ఎంత పెద్ద గౌరవం! సికింద్రాబాద్ స్టేషన్ చుట్టుపక్కల ఉన్న మన పెద్ద చర్చిలు కూడా ఇలాంటిది మొదలుపెట్టాలని నా మనవి.