సిలబస్ లేని పని

బెజవాడలో పెరిగినవాడికి ఏదైనా కొత్త పని మీద మనసు పడితే మొదట అడిగేది "ఎక్కడ నేర్పుతారు?" అని. ఇందులో మన తప్పు పెద్దగా లేదులెండి. కానూరు, పోరంకి, ఎనికేపాడు వైపు హాస్టళ్లలో ఇంటర్ రెండేళ్లూ గడిపినవాళ్లం. తెల్లారకముందే స్టడీ అవర్, వారం వారం పరీక్ష. ఏం చదవాలో ఎవరో చెప్పారు, ఎన్ని మార్కులొచ్చాయో ఎవరో గోడకు అంటించారు. ఎంసెట్ పేరు 2021లో ఈఏపీసెట్ అయింది గానీ మన అలవాటు మాత్రం అదే.

అలాంటివాళ్లం ముప్పై దాటాక, ఉద్యోగం చేసుకుంటూనే సొంతంగా ఒక పని పెట్టుకోవాలనుకుంటాం. యాప్ కావచ్చు, కథలు కావచ్చు, మిద్దెతోట కావచ్చు. చిక్కంతా అక్కడే. దానికి సిలబస్ లేదు. ఇంతటితో అయిపోయిందని చెప్పేవాడు లేడు, చేయకపోతే ఇంటికి ఫోన్ చేసేవాడూ లేడు. "టైం దొరకడం లేదండీ" అంటాం. నన్నడిగితే అది సగం అబద్ధం. అడిగేవాడు లేని పని చేయడం మనకు చేతకాదు. అందుకే కోర్సులో చేరతాం. చేరగానే పని మొదలైనట్టే హాయిగా ఉంటుంది.

కరెంటు పని లాంటివి నేర్చుకోకుండా చేయి పెట్టమని ఎవరూ అనరు. నేనంటున్నది ప్రాణం మీదికి రాని పనుల గురించి.

నా సంగతే చెబుతాను. సత్యనారాయణపురంలో పాత ఇళ్ల నొసటి మీద సిమెంటు అక్షరాలతో ఇంటి పేరు, కట్టిన సంవత్సరం ఉంటాయి. ఒక్కొక్కటే డెవలప్‌మెంట్‌కి వెళ్లిపోతున్నాయి. పోయేలోపు వాటి ఫొటోలు తీసి పెట్టాలనుకున్నాను. అనుకుని ఏం చేశాను? ఫొటోగ్రఫీ కోర్సుకు డబ్బు కట్టాను. వెబ్‌సైట్‌కు పేరు కొన్నాను. రెండుసార్లు రెన్యువల్ కూడా చేయించాను, అందులో ఒక్క పేజీ లేదు. లోగో ఏ రంగులో ఉండాలని మా తమ్ముడితో గొడవ పడ్డాను. ఏడాదిన్నర తర్వాత అటు వెళితే, మొదటి ఫొటో దేనిదని అనుకున్నానో ఆ ఇంటి చోట ఆకుపచ్చ పరదా కట్టి పునాదులు తవ్వుతున్నారు. దాని మీద ఉన్నది 1941ఓ 1947ఓ ఇప్పుడు తేల్చి చెప్పలేను.

పింగళి వెంకయ్య గురించి బళ్లో చదివింది ఆ రోజుల్లో మళ్లీ చూశాను. పత్తి మీద పరిశోధన చేసి 'పత్తి వెంకయ్య' అనిపించుకున్న మనిషి. జెండా ఆయనకు జీతం తెచ్చే పని కాదు. అయినా 1916లోనే ఇతర దేశాల జెండాలు పరిశీలించి, సుమారు 30 నమూనాలతో చిన్న పుస్తకం అచ్చు వేయించారు. 1921 ఏప్రిల్‌లో 'యంగ్ ఇండియా'లో గాంధీ ఆయన్ని మచిలీపట్నం జాతీయ కళాశాలకు చెందిన వెంకయ్యగా పరిచయం చేశారు. నాలుగేళ్లుగా ప్రతి కాంగ్రెస్ సభలోనూ జెండా సంగతి ఎత్తుతున్న పట్టుదలను మెచ్చుకుంటూనే, ఆ నమూనాలేవీ తనలో ఉత్సాహం పుట్టించలేదని మొహమాటం లేకుండా రాసేశారు. రాట్నం ఆలోచన కూడా జలంధర్‌కు చెందిన లాలా హన్స్‌రాజ్‌ది. బెజవాడలో ఏఐసీసీ సమావేశం జరుగుతుండగా ఎరుపు, ఆకుపచ్చల మీద రాట్నం వేసి ఇమ్మని గాంధీ అడిగితే వెంకయ్య మూడు గంటల్లో ఇచ్చారు. అదీ సమావేశం ముందు పెట్టడానికి కాస్త ఆలస్యమైంది. తెలుపు ఆ తర్వాత చేరింది.

మూడు గంటల ముచ్చట అందరికీ నచ్చుతుంది. నాకు మాత్రం ఎవరికీ నచ్చని ఆ 30 బొమ్మలే కళ్లలో మెదిలాయి. చేయి తిరిగింది వాటి మీదే కదా. నా దగ్గర నచ్చని ఫొటో ఒక్కటీ లేదు, ఎందుకంటే అసలు ఫొటోలే లేవు.

తర్వాతి ఆదివారం ఉదయం ఆరున్నరకు ఫోను, లాంగ్ నోట్‌బుక్ పట్టుకుని ఒకే ఒక్క వీధికి వెళ్లాను. మూడో ఇంటి దగ్గర ముగ్గు వేస్తున్న పెద్దావిడ "కార్పొరేషన్ నుంచా బాబూ? పన్ను పెంచుతారా?" అంది. "కాదమ్మా, ఊరికే తీసుకుంటున్నా" అన్నాను. "ఊరికే ఎవరు తీస్తారు?" అని నవ్వింది. జవాబు తోచలేదు. ఆవిడే చెప్పుకుంటూ పోయింది: ఇప్పుడు బీఆర్‌టీఎస్ రోడ్డున్న చోట రైలు పట్టాలుండేవట, బండి వెళ్లినప్పుడల్లా వంటింట్లో గిన్నెలు గలగలమనేవట. నేను ఫొటోల పని అనుకున్నది అక్కడితో రాతపని అయింది. ఇంట్లో కూర్చుని లోగో రంగు గురించి వాదించుకుంటుంటే ఈ సంగతి తెలిసేది కాదు.

వానాకాలంలో నాలుగు ఆదివారాలు ఎగ్గొట్టాను. నోట్‌బుక్‌లో ఇప్పటికి 37 ఇళ్లు చేరాయి, అందులో ఐదు ఇప్పుడు లేవు. కొన్ని ఫొటోలు వంకరగా వచ్చాయి, ఒకదాంట్లో నా స్కూటర్ అద్దం కూడా పడింది. మొన్న వెబ్‌సైట్ రెన్యువల్ మెసేజ్ మళ్లీ వచ్చింది. ఈసారి కట్టలేదు.