రిజిస్టర్ పోస్టు పోయిందంటూ తిరుగుతున్న మెసేజ్ గురించి

మా చుట్టాల వాట్సాప్ గ్రూపులోకి ఆ మెసేజ్ ఇప్పటికి మూడోసారి వచ్చింది. ఈసారి పంపింది మా పెదనాన్న, కింద నాలుగు ఏడుపు బొమ్మలు కూడా పెట్టి. మీకూ వచ్చే ఉంటుంది: "2025 సెప్టెంబర్ 1 నుంచి రిజిస్టర్ పోస్టు శాశ్వతంగా బంద్. ఎర్ర డబ్బాలు పీకేస్తున్నారు. ఇక ఉత్తరం పంపాలంటే కనీసం 50 రూపాయలు. లాయర్ నోటీసులు చెల్లవు. ఓటీపీ చెప్పకపోతే కవరు ఇవ్వరు. అమెరికాకు పోస్టు లేదు. మన బాల్యం ముగిసింది మిత్రులారా."

బాల్యం సంగతి వదిలేద్దాం, పెదనాన్నకు డెబ్బై దాటాయి. మిగతావి ఒక్కొక్కటే చూద్దాం.

"రిజిస్టర్ పోస్టు బంద్." ఇందులో తేదీ ఒక్కటే నిజం. ఆ రోజు నుంచి తపాలా శాఖ రిజిస్టర్ పోస్టును స్పీడ్ పోస్టులో కలిపేసింది. రిజిస్టర్ పోస్టు అంటే అసలు ఏంటి? కవరు మీద పేరున్న మనిషికి గానీ, ఆయన రాసిచ్చిన మనిషికి గానీ తప్ప ఇంకొకరి చేతికి ఇవ్వకూడదు, ఇచ్చేటప్పుడు సంతకం పెట్టించుకోవాలి. ఆ పద్ధతి ఎక్కడికీ పోలేదు, స్పీడ్ పోస్టు మీద అదనంగా తీసుకునే సదుపాయం అయింది, అంతే. కౌంటర్లో "స్పీడ్ పోస్టు, రిజిస్ట్రేషన్‌తో" అని నోరు తెరిచి అడగాలి. దానికి 5 రూపాయలు, పైన జీఎస్టీ. అడక్కపోతే మామూలు స్పీడ్ పోస్టుగా పోతుంది, దాన్ని ఆ ఇంట్లో ఎవరు కనిపిస్తే వాళ్ళకి ఇచ్చి వెళ్ళొచ్చు. అక్నాలెడ్జ్‌మెంట్, అంటే అందుకున్నవాళ్ళ సంతకంతో మనకు తిరిగొచ్చే కాగితం, కావాలన్నా విడిగా అడగాల్సిందే.

ఈ పుకారు ఎలా పుట్టి ఉంటుందో నాకు కళ్ళారా కనిపించింది కూడా. ఆ మధ్య ఒక పోస్టాఫీసులో లైన్లో నిలబడి "రిజిస్టర్ చేయాలండీ" అంటే, కౌంటర్లో ఆవిడ తలెత్తకుండా "రిజిస్టర్ లేదండీ, తీసేశారు" అంది. నా వెనక చేతిలో కవరుతో ఉన్న పెద్దాయన ఆ ఒక్క ముక్క విని వెనక్కి తిరిగి వెళ్ళిపోయాడు. ఊళ్ళో ఏం చెప్పి ఉంటాడో ఊహించుకోండి.

"ఎర్ర డబ్బాలు పీకేస్తున్నారు." సెప్టెంబర్ 1 మార్పుకీ డబ్బాలకీ సంబంధమే లేదు. రిజిస్టర్ కవరు డబ్బాలో వేసేది కాదు కదా, ఎప్పుడూ కౌంటర్లోనే ఇచ్చాం. ఎవరూ వాడని చోట డబ్బా కనుమరుగవడం ఏళ్ళ నుంచీ చూస్తున్నదే, దానికి ఈ తేదీ అంటగట్టడం మెసేజ్ రాసినవాడి పనితనం.

"ఉత్తరం పంపాలంటే 50 రూపాయలు." ఇక్కడే కొంచెం ఆగాలి, ఎందుకంటే దీంట్లో సగం మంట న్యాయమైనదే. మామూలు ఉత్తరానికి ఈ మార్పు తగలలేదు. పోస్టు కార్డు 50 పైసలు, ఇన్లాండ్ లెటరు రెండున్నర, 20 గ్రాముల లోపు కవరుకి 5 రూపాయల స్టాంపు. వీటిలో దేనికీ కౌంటరు, ఓటీపీ, ట్రాకింగ్ ఏమీ అక్కర్లేదు.

పెరిగింది రిజిస్టర్ చేసి పంపే పల్చటి కవరుకే. పాత లెక్క 20 గ్రాములకు స్టాంపు 5, రిజిస్ట్రేషన్ 17, జీఎస్టీతో కలిపి 25 రూపాయల 96 పైసలు. 2025 అక్టోబర్ 1 నుంచి అమల్లోకి వచ్చిన స్పీడ్ పోస్టు రేట్లలో ఊరు దాటితే 50 గ్రాముల దాకా 47 రూపాయలు, రిజిస్ట్రేషన్ 5, రెండిటి మీదా కలిపి 18 శాతం జీఎస్టీ, మొత్తం 61 రూపాయల 36 పైసలు. రెండింతల పైనే. ఒక్క కాగితం దరఖాస్తు పంపే రైతుకి, కోర్టు చుట్టూ తిరిగేవాడికి ఇది చిన్న తేడా కాదు, దీని మీద అరవాలంటే నేనూ గొంతు కలుపుతాను. కానీ మెసేజ్ దీన్ని పట్టుకోదు, డబ్బాలు పట్టుకుని ఏడుస్తుంది!

పోనీ అన్నీ పెరిగాయా అంటే అదీ కాదు. పాత పద్ధతిలో ప్రతి 20 గ్రాములకీ ఇంకో 5 రూపాయలు ఎక్కేది. పావుకిలో కాగితాల కట్ట హైదరాబాదు నుంచి విజయవాడకు రిజిస్టర్ చేస్తే పాత లెక్కలో జీఎస్టీతో 96 రూపాయల 76 పైసలు అవుతుంది. ఇప్పుడు ఆ దూరానికి స్పీడ్ పోస్టు 63, రిజిస్ట్రేషన్ 5, జీఎస్టీతో 80 రూపాయల 24 పైసలు. తగ్గింది. ఉన్న ఊళ్ళోనే పంపితే 50 గ్రాముల దాకా 19 రూపాయలే, రిజిస్ట్రేషన్, జీఎస్టీ కలిపినా 28 రూపాయల 32 పైసలు. అక్నాలెడ్జ్‌మెంట్ ఖర్చు ఈ లెక్కల్లో వేటిలోనూ కలపలేదు. విద్యార్థులకు స్పీడ్ పోస్టు మీద 10 శాతం తగ్గింపు కూడా ఉంది, పిల్లలు దరఖాస్తులు పంపుతుంటే అడగమనండి.

"లాయర్ నోటీసులు చెల్లవు." ఈ ముక్క చదివి ఎవరైనా ధైర్యంగా నోటీసు పక్కన పడేస్తారేమోనని నా భయం. సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో సమన్లు ఎలా పంపాలో చెప్పే ఐదో ఆర్డరు తొమ్మిదో రూలులో రిజిస్టర్ పోస్టు పక్కనే స్పీడ్ పోస్టు పేరు కూడా ఉంది, 2002 సవరణ నుంచీ ఉంది. చెక్కు బౌన్స్ నోటీసు సంగతైతే నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 138వ సెక్షన్ రాతపూర్వకంగా ఇవ్వమంటుందే తప్ప ఫలానా పోస్టులోనే పంపమనదు. మరి లాయర్లు ఆర్‌పీఏడీ, అంటే అక్నాలెడ్జ్‌మెంట్‌తో రిజిస్టర్ పోస్టు, అంటూ ఎందుకు పట్టుబట్టేవాళ్ళు? 1897 నాటి జనరల్ క్లాజెస్ చట్టం 27వ సెక్షన్ వల్ల. సరైన చిరునామా రాసి, డబ్బు కట్టి, రిజిస్టర్ పోస్టులో పంపితే, కాదని రుజువయ్యేదాకా అది అందినట్టే లెక్క అంటుంది ఆ సెక్షన్. అందుకే నోటీసు పంపేవాళ్ళు ఆ 5 రూపాయల దగ్గర పీనాసితనం చేయొద్దు, రిజిస్ట్రేషన్ పెట్టించుకోండి, రసీదు జాగ్రత్త చేయండి.

పనిలో పని, దీనికి తోడుగా తిరిగే ఇంకో తెలివి ఉంది: "నోటీసు తీసుకోకపోతే సరి, ఏం చేయలేరు" అని. పోస్ట్‌మ్యాన్‌కి "లేడని చెప్పు" అని ఇంట్లోంచి అరిచే మహానుభావులను చూశాను. కవరు మీద "రెఫ్యూజ్డ్" అని రాసి వెనక్కి పంపితే అది అందనట్టు కాదు, మీరు వద్దన్నట్టు. 2007లో సుప్రీంకోర్టు అలవి హాజీ కేసులో ఇంకా సూటిగా చెప్పింది: చెక్కు కేసులో నోటీసు నాకు అందలేదనేవాడు కోర్టు సమన్లు అందిన 15 రోజుల్లో ఆ డబ్బు కట్టేయొచ్చు, కట్టకుండా నోటీసు అందలేదని వాదిస్తే కుదరదు.

"ఓటీపీ చెప్పకపోతే ఇవ్వరు." ఓటీపీ అనేది పంపేవాళ్ళు కావాలని ఇంకో 5 రూపాయలు, జీఎస్టీ కట్టి పెట్టించుకునేది. పెట్టించుకోకపోతే ఓటీపీ అడగరు. ఫోను సరిగా వాడటం రాని అమ్మమ్మకు పంపేటప్పుడు పెట్టించకండి, గొడవ లేదు.

"అమెరికాకు పోస్టు లేదు." ఇది కొన్నాళ్ళు నిజమే. 800 డాలర్ల లోపు సరుకుకు ఉన్న సుంకం మినహాయింపును అమెరికా 2025 ఆగస్టు 29 నుంచి ఎత్తేసింది. సుంకం ఎవరు వసూలు చేయాలి, ఎలా కట్టాలి అన్నది తేలక విమాన సంస్థలు పోస్టు సంచులు తీసుకోలేమన్నాయి. మన శాఖ ఆగస్టు 25 నుంచి చాలా రకాల బుకింగులు ఆపింది, నెలాఖరుకు ఉత్తరాలతో సహా అన్నీ ఆపేసింది. అక్టోబర్ 2 దసరాకి డల్లాస్‌లో ఉన్న కూతురికి పోస్టులో చీర పంపుదామనుకున్న వాళ్ళకి కుదరలేదు పాపం. అక్టోబర్ 15న మళ్ళీ మొదలుపెట్టారు, సుంకం ఇక్కడే బుకింగ్ అప్పుడే కట్టించుకునే ఏర్పాటుతో. అంటే ఆ వాక్యం వయసు ఏడు వారాలు. మెసేజ్ మాత్రం ఇంకా తిరుగుతోంది.

ఇదంతా కొంచెం కుదించి గ్రూపులో పెట్టాను. అరగంట తర్వాత పెదనాన్న ఫోన్ చేశారు. "అంతా బానే రాశావురా, మరి మా వీధి చివర డబ్బా తాళం పది రోజుల నుంచి ఎవరూ తీయట్లేదు, అందులో నా పోస్టు కార్డు ఉంది, దానికేమంటావ్?" అన్నారు. దానికి నా దగ్గర జవాబు లేదు. ఫిర్యాదు రాసిస్తానన్నాను, "అయితే దాన్ని ఆ డబ్బాలో వెయ్యకు" అన్నారు.