ప్రజోత్పత్తి నామ సంవత్సరం, అక్టోబరు నెల

అక్టోబరు 15 వచ్చిందంటే బళ్ళలో అబ్దుల్ కలాం ఫొటోకు దండ పడుతుంది. ఫోన్లలో ఆయన పేరు మీద సుభాషితాలు తిరుగుతాయి. వాటిలో ఆయన నిజంగా అన్నవి ఎన్నో, అది వేరే సంగతి. 'చరిత్రలో ఈ నెల' శీర్షికలు రాసేవాళ్ళకైతే 1931 అక్టోబరు పండగే. 7న దక్షిణాఫ్రికాలో డెస్మండ్ టుటు, 15న రామేశ్వరంలో కలాం, 19న ఇంగ్లండులో గూఢచారి నవలల జాన్ లె కారే, 20న అమెరికాలో బేస్‌బాల్ వీరుడు మిక్కీ మాంటిల్ పుట్టారు. ఇంతమందిని కన్న నెల గొప్పదని ఒక వాక్యం రాసేస్తే శీర్షిక పూర్తవుతుంది.

ఆ నెలలో బతికినవాళ్ళకు మాత్రం ఈ పుట్టుకల్లో ఒక్కటీ తెలియదు. రామేశ్వరంలో ఒక పడవ యజమాని ఇంట్లో మగపిల్లవాడు పుడితే ఆ వీధికి తెలుస్తుంది, అంతే. పంచాంగం ప్రకారం అది ప్రజోత్పత్తి నామ సంవత్సరం. పేరులోనే పుట్టుక ఉన్న సంవత్సరం అన్నమాట. అయినా మన పల్లెల్లో ఆ ఏడాది పుట్టిన చాలామందికి అసలు తేదీ మిగల్లేదు. బడిలో చేర్చేటప్పుడు హెడ్మాస్టరుగారు వేసిన జులై 1 మిగిలింది. మా తాతయ్య సర్టిఫికెట్లోనూ అదే ఉంది. ఎప్పుడు పుట్టావు తాతా అంటే మాత్రం, "ధాన్యం అడిగేవాడు లేక గాదెల్లో పురుగు పట్టిన ఏడు" అనేవాడు.

నా ఉద్దేశంలో 1931 అక్టోబరును అర్థం చేసుకోవడానికి పుట్టినరోజుల పట్టిక కన్నా ఆ జవాబు ఎక్కువ పనికొస్తుంది. ఆ నెలను నడిపింది బంగారం.

కథ కొంచెం ముందు మొదలైంది. సెప్టెంబరు 21న బ్రిటన్ బంగారం ప్రమాణాన్ని వదిలేసింది. అంటే తన కరెన్సీ పౌను తెచ్చిస్తే ఇంత తూకం బంగారం ఇస్తామన్న హామీని ఉపసంహరించుకుంది. కొద్ది వారాల్లో పౌను విలువ డాలరుతో పోలిస్తే దాదాపు ఐదో వంతు పడిపోయింది. ప్రపంచమంతటా డబ్బున్నవాళ్ళకు ఒకటే అనుమానం పట్టుకుంది. పౌనుకే దిక్కులేనప్పుడు డాలరు గతేమిటి? ఫ్రాన్సు, బెల్జియం, స్విట్జర్లాండు బ్యాంకులు అమెరికాలో తాము దాచుకున్న డాలర్లకు బదులు బంగారం అడగడం మొదలుపెట్టాయి.

అమెరికా కేంద్ర బ్యాంకు అప్పుడు చేసిన పని మీద ఆర్థికవేత్తలు ఇప్పటికీ వాదించుకుంటున్నారు. న్యూయార్క్‌లో ఒకటిన్నర శాతం ఉన్న వడ్డీ రేటును అక్టోబరు 9న రెండున్నరకు, వారం తిరగ్గానే 16న మూడున్నరకు పెంచేశారు. వడ్డీ ఎక్కువిస్తే బంగారం పోకుండా ఆగుతుందని లెక్క. కొంత ఆగింది కూడా. కానీ అప్పటికే మిల్లులు మూతపడి, జనం పనుల్లేక రొట్టె కోసం వరసల్లో నిలబడి ఉన్నారు. నీరసించి పడిపోయినవాడికి లంఖణం పెట్టినట్టయింది. ఆ ఒక్క నెలలో అమెరికాలో 500కు పైగా బ్యాంకులు మూతబడ్డాయి. మన భాషలో చెప్పాలంటే, చీటీలవాడు పరారైతే వీధి వీధంతా గగ్గోలు పెట్టే దృశ్యం నెలలో 500 చోట్ల జరిగింది.

కలాం పుట్టిన మర్నాడు ప్రపంచం మాట్లాడుకుంటున్నది ఈ వడ్డీ గురించే.

ఇక మన సంగతి. పౌను బంగారాన్ని వదిలిన రోజునే రూపాయి భవితవ్యమూ తేలిపోయింది, అదీ లండన్‌లో. రూపాయికి ఒక షిల్లింగు ఆరు పెన్నీల పాత లెక్కనే పౌనుకు కట్టేస్తున్నామని బ్రిటిష్ ప్రభుత్వంలో ఇండియా వ్యవహారాల మంత్రి శామ్యూల్ హోర్ అక్కడే ప్రకటించారు. ఢిల్లీలోని ప్రభుత్వానికి అది ఇష్టం లేదు. వైస్రాయి కౌన్సిలులో రాజీనామాల మాట కూడా వచ్చింది. ఎవరూ వినలేదు. పౌను మునిగితే దాంతోపాటు రూపాయీ మునిగింది. ఆ మేరకు రూపాయల్లో బంగారం ధర ఎగిసింది.

పైకి చూస్తే మంచి కబురే. ఇంట్లో నాలుగు కాసుల బంగారం ఉన్నవాడి ఆస్తి రాత్రికి రాత్రి పెరిగింది. కానీ అప్పటికి రెండేళ్ళుగా ధాన్యం ధర పడుతూనే ఉంది. ప్రభుత్వానికి కట్టే శిస్తు తగ్గలేదు. పైగా కృష్ణా, గోదావరి జిల్లాల్లో రీసెటిల్‌మెంటు (శిస్తును మళ్ళీ లెక్కగట్టడం) పేరుతో దాన్ని పద్దెనిమిదిన్నర శాతం పైచిలుకు, అంటే రూపాయికి మూడణాల చొప్పున పెంచే ప్రయత్నం మీద ఎన్.జి. రంగా వంటి రైతు నాయకులు రైతుల్ని కూడగడుతున్నారు. సావుకారు వడ్డీ అసలే తగ్గదు. పంట అమ్మితే శిస్తుకు చాలదు. ఇంట్లో ధర పలికే వస్తువు ఒక్కటే, అది ఆడవాళ్ళ ఒంటిమీద ఉంది. కాసులపేరు, కంటె, నాను, వడ్డాణం ఒక్కొక్కటే తక్కెడలోకి వెళ్ళాయి. ముందు తాకట్టు, తర్వాత అమ్మకం. కంసాలి కుంపట్లో కరిగిన ముద్ద చిన్న ఊరి నుంచి పెద్ద ఊరికి, అక్కడి నుంచి బొంబాయి రేవుకు, బొంబాయి నుంచి లండన్‌కు. 1931-32లో ఇండియా నుంచి నికరంగా సుమారు 58 కోట్ల రూపాయల బంగారం బయటికి పోయింది. శతాబ్దాలుగా బంగారాన్ని లోపలికి పీల్చుకోవడమే తప్ప వదలడం తెలియని దేశమని పేరుపడ్డ చోట ఇది జరిగింది. ఎగుమతి ఆపమని జాతీయవాదులు అడిగారు. ప్రభుత్వం ఒప్పుకోలేదు, ఎందుకంటే ఆ బంగారమే లండన్‌లో పౌనును నిలబెట్టడానికి పనికొచ్చింది.

దీన్ని మన చరిత్ర పాఠాలు ఒక్క పేరాలో దాటేస్తాయి. ఉప్పు సత్యాగ్రహానికి ఒక అధ్యాయం, మూడు రౌండ్ టేబుల్ సమావేశాలకు ఒక అధ్యాయం. మధ్యలో ఆడవాళ్ళ మెడలు బోసిపోయిన సంగతి ఆర్థికశాస్త్రం ఎం.ఏ.లో చదువుకోవాలి.

రౌండ్ టేబుల్ అంటే గుర్తొచ్చింది. ఇండియా పాలన మీద బ్రిటిష్ ప్రభుత్వం పెట్టిన ఆ సమావేశాల్లో రెండోదాని కోసం ఆ అక్టోబరులో గాంధీ లండన్‌లో ఉన్నారు. ఈస్ట్ ఎండ్ పేటలో, మ్యూరియల్ లెస్టర్ నడిపే కింగ్‌స్లీ హాల్‌లో బస. 2వ తేదీన ఆయనకు 62 నిండింది అక్కడే. ఆరు రోజుల తర్వాత, 8న మైనారిటీల కమిటీలో ఆయనే లేచి, మతాల మధ్య ఒప్పందం కుదరలేదని, చాలా విచారంతో, అంతకు మించిన అవమానభారంతో చెబుతున్నానని ప్రకటించారు. తమ సభ్యుల్ని తమ మతంవాళ్ళే ఎన్నుకునే ప్రత్యేక నియోజకవర్గాలు కావాలని ముస్లిం ప్రతినిధులు పట్టుబట్టారు. అణగారిన వర్గాలకు వాటా విడిగా తేల్చమని అంబేద్కర్ అడిగారు. కాంగ్రెసు ఒక్కటే అందరికీ ప్రతినిధి అన్న గాంధీ వాదనను బల్ల చుట్టూ ఉన్నవాళ్ళు చాలామంది అంగీకరించలేదు. మనలో మనకు పడకపోవడం వల్లే సమావేశం చెడిందని చిన్నప్పుడు చదువుకున్నాం. అందులో నిజం ఉంది. అయితే సగమే.

రెండో సగం ఏమిటంటే, మనవాళ్ళు ఎవరితో బేరమాడటానికి సముద్రం దాటి వెళ్ళారో ఆ పెద్దమనుషుల మనసు అసలు అక్కడ లేదు. పౌను కూలింది, బ్రిటన్‌లో ఎన్నికలు ముంచుకొచ్చాయి. ప్రధాని రామ్సే మెక్‌డొనాల్డ్ తన లేబర్ పార్టీని వదిలి, కన్సర్వేటివులతో కలిసి జాతీయ ప్రభుత్వం పెట్టుకుని, "రోగం ఏదైనా వైద్యం మాకు వదిలేయండి, డాక్టరుకు ఇచ్చినట్టు మాకు అధికారం ఇవ్వండి" అన్న ధోరణిలో ఓటు అడుగుతున్నాడు. 27న జనం ఇచ్చేశారు. 615 సీట్లలో 554 ఆ కూటమికే. లేబర్ పార్టీకి మిగిలినవి 50 చిల్లర. ఇండియా విషయంలో కాస్తో కూస్తో మెత్తగా ఉన్న పార్టీ పార్లమెంటులో నామమాత్రమైంది. అంబేద్కర్, ముస్లిం ప్రతినిధుల నాయకుడు ఆగాఖాన్, గాంధీ ముగ్గురూ ఆ నెల ఏదో ఒక ఒప్పందానికి వచ్చి ఉన్నా, దాన్ని అందుకునే చేయి అవతల ఉండేదా? నాకైతే అనుమానమే. ఆ మరుసటి ఏడాది ఆగస్టులో మతాలవారీగా, అణగారిన వర్గాలకూ విడిగా నియోజకవర్గాలు ఇస్తూ మెక్‌డొనాల్డ్ పేరుతో కమ్యూనల్ అవార్డు, సెప్టెంబరులో అణగారిన వర్గాల సీట్ల మీద గాంధీ, అంబేద్కర్ల మధ్య పూనా ఒప్పందం వచ్చాయి. ఆ రెండింటి విత్తనమూ ఈ అక్టోబరులోనే పడింది.

మిగతా ప్రపంచాన్ని చూడాలంటే ఒక్క 24వ తేదీ తీసుకుంటే సరిపోతుంది. శనివారం. జెనీవాలో నానాజాతి సమితి (ఐక్యరాజ్య సమితికి ముందున్న దేశాల కూటమి) కౌన్సిలు కూర్చుంది. చైనాలోని మంచూరియాలోకి చొరబడ్డ జపాను సేనలు నవంబరు 16 లోపు వెనక్కి పోవాలని తీర్మానం. అనుకూలం 13, వ్యతిరేకం 1. ఆ ఒక్కటీ జపానుదే. ఏకగ్రీవం కావాలి కాబట్టి తీర్మానం చెల్లదు. ముద్దాయే జ్యూరీలో కూర్చుంటే తీర్పు ఎలా వస్తుందో అలాగే వచ్చింది. అప్పటికి రెండు వారాల కిందటే, 8న, జపాను విమానాలు జింజౌ పట్టణం మీద బాంబులు వేశాయి. అదే వారంలో ఇద్దరు అమెరికన్లు, పాంగ్‌బోర్న్, హెర్న్‌డన్, జపాను తీరం నుంచి ఎగిరి ఎక్కడా ఆగకుండా పసిఫిక్ మహాసముద్రం దాటారు. బరువు తగ్గుతుందని గాల్లోకి లేచాక చక్రాలు ఊడిపడేలా చేసుకున్నారు. రెండు ఊచలు ఊడకుండా వేలాడుతుంటే పాంగ్‌బోర్న్ మంచుగాలిలో విమానం బయటికి పాకి వాటిని విప్పాడు. చివరికి అమెరికాలోని వెనాచీ ఊళ్ళో పొట్ట మీద జారుతూ దిగారు. విమానం ఏమేం చేయగలదో లోకానికి ఒకే వారంలో రెండు రకాలుగా తెలిసింది.

అదే 24న షికాగోలో ముఠా నాయకుడు అల్ కపోన్‌కు 11 ఏళ్ళ జైలు, 50,000 డాలర్ల జరిమానా పడ్డాయి. హత్యలకు కాదు, ఆదాయం పన్ను ఎగ్గొట్టినందుకు. అదే రోజు న్యూయార్క్‌లో హడ్సన్ నది మీద జార్జ్ వాషింగ్టన్ వంతెనకు ప్రారంభోత్సవం. నడిమి దూరం 3,500 అడుగులు, అంతకుముందు రికార్డుకు దాదాపు రెట్టింపు. ఉక్కు గోపురాలకు రాతి తొడుగు వేయాలని మొదటి పథకం. మాంద్యంలో డబ్బు లేక ఉక్కును అలాగే వదిలేశారు. ఇప్పుడు చూసినవాళ్ళు ఆ బోసి ఉక్కే అందం అంటారు. లేమిని అందం అనడానికి కొన్ని దశాబ్దాలు దాటాలి కాబోలు. పద్నాలుగేళ్ళ తర్వాత అదే అక్టోబరు 24న ఐక్యరాజ్య సమితి పుట్టింది. ఆ తేదీన బడుల్లో ఉపన్యాసాలు జరుగుతాయి, జెనీవాలో ఓడిపోయిన ఆ ఓటును మాత్రం ఎవరూ తలవరు.

స్పెయిన్‌ను వదిలేస్తే అన్యాయమవుతుంది. 1వ తేదీన అక్కడి కొత్త రిపబ్లిక్ పార్లమెంటు 161–121 ఓట్లతో స్త్రీలకు ఓటుహక్కు ఇచ్చింది. అందుకోసం కొట్లాడింది క్లారా కాంపొఅమోర్. ఇప్పుడే వద్దన్నవాళ్ళలో విక్టోరియా కెంట్ అనే మరో మహిళా సభ్యురాలు ఉన్నారు. జర్మనీలో 10న అధ్యక్షుడు హిండెన్‌బర్గ్ మొదటిసారి హిట్లర్‌ను పిలిచి మాట్లాడాడు. 12న రియో డి జనీరోలో కొండ మీద క్రీస్తు విగ్రహానికి ప్రారంభోత్సవం జరిగింది, మన దగ్గర నవరాత్రులు మొదలైన రోజుల్లో.

దసరా రోజుల్లోనే, 18న, ఎడిసన్ పోయాడు, 84 ఏళ్ళకు. 21న అంత్యక్రియలు. 52 ఏళ్ళ కిందట ఆయన బల్బు వెలిగి నిలిచిన తేదీ కూడా అదే. దేశమంతటా ఒక్క నిమిషం కరెంటు ఆపేద్దామన్న ఆలోచన వచ్చింది. ఆసుపత్రులు, నీటి పంపులు, రైళ్ళు ఏమైపోతాయని అధికారులు వెనక్కి తగ్గారు. కరెంటు ఆపలేని స్థితికి దేశం వచ్చిందంటే ఆయనకు అంతకన్నా స్మారకం అక్కర్లేదన్నట్టుగా ప్రెసిడెంట్ హూవర్ మాట్లాడాడు. చివరికి ఎవరి దీపాలు వాళ్ళు రాత్రి పదింటికి ఒక నిమిషం తగ్గించుకున్నారు. ఆ రాత్రి మన పల్లెల్లో చాలావాటికి ఆపడానికి కరెంటే లేదు. కిరసనాయిలు బుడ్డి కింద దసరా పద్యాలు సాగుతున్నాయి.

దసరా వెళ్ళిన పది రోజులకు, 31న, మద్రాసు కినిమా సెంట్రల్ హాల్లో 'కాళిదాస్' విడుదలైంది. తీసింది హెచ్.ఎం. రెడ్డి, బొంబాయిలో, అర్దేషిర్ ఇరానీ కంపెనీకి. తొలి తమిళ టాకీ అని దానికి పేరు. అయితే అందులో నాయిక టి.పి. రాజలక్ష్మి తమిళంలో మాట్లాడితే, నాయకుడు పి.జి. వెంకటేశన్ తెలుగులో బదులిచ్చేవాడు. ఏలూరు దగ్గరి సోమవరప్పాడు నుంచి బొంబాయి వెళ్ళిన ఎల్.వి. ప్రసాద్ కూడా అందులో ఒక వేషం వేశారు. మన తొలి టాకీ 'భక్త ప్రహ్లాద' 1931 సెప్టెంబరులో వచ్చిందని చాలాకాలం నమ్మాం. తర్వాత పరిశోధకులు పాత పత్రికలు తిరగేసి 1932 ఫిబ్రవరి 6 అని తేల్చారు. ఆ లెక్కన హాల్లో కూర్చున్నవాళ్ళు తెర మీద తెలుగు మాట విన్నది ముందు ఈ సినిమాలోనే కావాలి. అదీ సగం సగంగా, తమిళం పక్కన. త్యాగరాజ కీర్తనలతో పాటు సందర్భం ఉన్నా లేకపోయినా గాంధీ రాట్నం మీద ఒక పాట కూడా పెట్టారు. గాంధీ లండన్‌లో ఓడిపోయాడని పత్రికలు రాస్తున్న రోజుల్లో ఆ పాట మద్రాసు హాల్లో మోగింది.

సినిమా రీళ్ళు బొంబాయి మెయిల్లో సెంట్రల్ స్టేషనుకు వచ్చిన రోజున జనం వేలల్లో పోగయ్యారని చెబుతారు. రీళ్ళ పెట్టె వెంట వాల్‌టాక్స్ రోడ్డు పొడుగునా గులాబీ రేకులు చల్లుతూ, కొబ్బరికాయలు కొడుతూ, అగరొత్తులు వెలిగిస్తూ ఊరేగింపుగా హాలు దాకా నడిచారట. ఆ పెట్టెలోని ఫిల్ము ఇప్పుడు ఎక్కడా లేదు.