ఇంటి వర్క్‌షాపు బల్లకు కడప బండే మేలు

సొంతంగా పనిముట్లు పట్టాలనుకునే కుర్రాళ్లు ముందుగా చూసేది విదేశీ వీడియోలే. వాటిలో బల్ల అంటే పైన్ చెక్క. అనంతపురం, కడప, కర్నూలు ఇళ్లలో ఆ చెక్కకు చెద భయం, ఎండకు వంగే భయం రెండూ ఉంటాయి. ఎర్రగుంట్ల, జమ్మలమడుగు, బేతంచెర్ల క్వారీల బండకు ఆ రెండూ లేవు. వంటింటి గట్టుకు, అల్మారా అరలకు తరతరాలుగా వాడుతున్న రాయి వర్క్‌షాపులో ఎందుకు కనపడదన్నదే నా ప్రశ్న.

నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, అంగుళం మందం ఉన్న బండ దాదాపు 50 కిలోలు తూగుతుంది. ఆ బరువు వల్లే గ్రైండర్ ఆడుతున్నా, ఆకురాయి రుద్దుతున్నా బల్ల కదలదు. కొనేటప్పుడు చిన్న సుత్తితో తట్టి చూడాలి. ఖంగుమంటే తీసుకోండి, డబ్‌మంటే లోపల పొర విడిపోయి ఉండొచ్చు. నీళ్లు చల్లి ఆరనిస్తే పగులు ఉన్నచోట తడి గీతలా మిగులుతుంది. ఆటోలో పడుకోబెట్టి తేవద్దు, అంచు మీద నిలబెట్టి కట్టాలి.

బండలు పగలడానికి ఎక్కువగా కారణం కింది ఫ్రేమే. నొక్కుడును ఎంతైనా ఓర్చుకునే రాయి, వంపును ఓర్చుకోదు. 40×40×5 మిల్లీమీటర్ల ఇనుప యాంగిల్‌తో (L ఆకారపు పట్టీతో) ఫ్రేమ్ చేయించి, పొడవు మధ్యలో రెండు అడ్డపట్టీలు వేయించాలి. వెల్డింగ్ వేడికి ఇనుము మెలి తిరుగుతుంది. అప్పుడు బండ మూడు మూలల మీదే కూర్చుంటుంది, గాలిలో ఉన్న నాలుగో మూలపై ఒక్క దెబ్బ పడితే చాలు. ఎదురెదురు మూలలకు రెండు దారాలు కట్టి చూడండి. మధ్యలో అవి ఒకదానినొకటి తాకితే ఫ్రేమ్ సమంగా ఉన్నట్టే. తర్వాత యాంగిల్ మీద 3 మిల్లీమీటర్ల రబ్బరు షీటు పరిచి బండ దించాలి.

పని చేసే వస్తువును కదలకుండా పట్టి ఉంచే బెంచ్ వైస్‌ను బండకు బిగించొద్దు, ఫ్రేమ్‌కే బిగించాలి. సుత్తి పని ఉన్నచోట 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ ముక్క వేసుకోవాలి.

కొలతకు కోయడం మాత్రం తాడిపత్రి పాలిష్ ఫ్యాక్టరీల్లాంటి చోట్ల, పెద్ద మిషన్ మీద చేయించుకోవడమే నయం. ఇంట్లో గాడి తీయక తప్పకపోతే నీటి గొట్టం ఉన్న మార్బుల్ కట్టర్ వాడాలి. దాని లైనుకు 30 మిల్లీయాంపియర్ల ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్, తప్పనిసరి. కోత గీతకు రెండు వైపులా కింద చెక్కలు పెట్టి, ఒక్కో సారికి 3 నుంచి 5 మిల్లీమీటర్లే దింపాలి. ఒకేసారి లోతుకు నొక్కితే బ్లేడు పట్టేసి వెనక్కి తంతుంది, పొర ఊడి అంచు చెడుతుంది.

నాలుగంగుళాల గ్రైండర్ గార్డు తీసేసి ఐదంగుళాల డిస్క్ తొడగడం చాలాచోట్ల కనిపిస్తుంది. నిమిషానికి 11 వేల చుట్లు తిరిగితే నాలుగంగుళాల అంచు వేగమే గంటకు 200 కిలోమీటర్లు దాటుతుంది. ఐదంగుళాలకు అది మరో పావు వంతు పెరుగుతుంది, పగిలిన ముక్కను ఆపే గార్డు కూడా ఉండదు. ఈ అలవాటును ఎవరూ సమర్థించకూడదు.

దుమ్ము ఇంకా పెద్ద ముప్పు. కడప బండ సున్నపురాయి జాతిదే అయినా అందులో సిలికా కూడా ఉంటుంది. కంటికి ఆనని ఆ రేణువులు ఊపిరితిత్తుల్లో చేరితే వచ్చే సిలికోసిస్ తగ్గే జబ్బు కాదు. చేతిరుమాలు వాటిని ఆపలేదు. తడి కోతలో కూడా ఎన్95 మాస్కు పెట్టుకోవాలి. ఎండిన బురదను చీపురుతో ఊడవకుండా తడిగుడ్డతో తీయాలి.

బండకు ఇంకో లోపం ఉంది, అది ఆమ్లానికి ఓర్వదు. పీసీబీ (ఎలక్ట్రానిక్ సర్క్యూట్ బోర్డు) చెక్కడానికి వాడే ఆమ్ల గుణమున్న ఫెరిక్ క్లోరైడ్ ద్రావణం ఒలికితే పాలిష్ పోయి తుప్పురంగు మచ్చ మిగిలిపోతుంది. బాత్రూం యాసిడ్‌తో కడిగితే మొత్తం గరుకెక్కుతుంది. ఆ పనులకు లోతైన ప్లాస్టిక్ ట్రే వేరుగా పెట్టుకోవాలి.